సునీత కుర్చీలో కూర్చున్న రోజు

జూన్ 3, సోమవారం

పూజ అయ్యింది. పూలు దొరకలేదు — తులసితో సరిపెట్టాను.

ఆఫీసులో ఇంటర్నెట్‌కు తాళం పడింది. హైదరాబాద్ పెద్దాఫీసు నుంచి ఒకతను వచ్చి, వైఫై పక్కన చిన్న పెట్టె బిగించి వెళ్లాడు. ఇక పనికి సంబంధం లేనివేవీ తెరుచుకోవు. తెరవబోతే ఎర్ర పేజీ వస్తుంది. అడ్డం పెట్టిన అరచేయి బొమ్మ.

మేనేజర్ సారు అందరినీ నిలబెట్టి చెప్పారు. క్రికెట్ బంద్. సినిమాలు బంద్. పేకాట బంద్.

అకౌంట్స్ యాదగిరి ఊరుకుంటాడా — "ఇగ మిగిలింది పనే గద సార్. గది గూడ బంద్ వెడితే ఇంటికి వోతం."

నాకేం తేడా లేదనుకున్నాను. నేను తెరిచేవేమున్నాయి.

జూన్ 4

చీరలు అమ్మే ఆఫీసులో మా చీరల పేజీయే తెరుచుకోలేదు. షాపింగ్ కిందికి వస్తుందట. నారాయణపేట నుంచి కొత్త చీరలు దిగాయి, ఫోటోలు ఎక్కించాలి. బిల్లింగ్ బల్ల దగ్గర సునీత పొద్దుటి నుంచి తిప్పలు పడుతోంది. ఎర్ర పేజీ. మళ్లీ ఎర్ర పేజీ.

"అక్కా, మన దుకాణంలకు మనల్నే రానిస్తలేదు."

నవ్వింది. ఆ పిల్ల నవ్వి చాలా రోజులైంది. మొగుడిని విడిచి, బిడ్డను తీసుకుని తల్లిగారింటికి వచ్చిన తర్వాత ఆఫీసులో అంత గట్టిగా నవ్వడం ఇదే.

సారు ఒక ఏర్పాటు చేశారు. ఎవరికి ఏ సైటు తెరవాలో నాతో చెప్పుకోవాలి. నేను పెద్దాఫీసుకు ఫోన్ చేసి అడగాలి.

"పెద్దక్క దగ్గరైతే ఎవ్వలు అడ్డమైనవి అడగరు" అన్నారు. ఆఫీసులో నన్ను అలాగే పిలుస్తారు.

అందరూ తలూపారు. నేనూ ఊపాను.

జూన్ 6

చీరల పేజీ తెరిపించాను. వాతావరణం పేజీ తెరిపించాను. యాదగిరి మన్యంకొండ కల్యాణం వీడియో అడిగాడు.

"దేవునికి గూడ అడ్డం వెట్టిన్రంటె ఎట్ల పెద్దక్కా."

దేవుడిని ఆఫీసులో చూడనక్కర్లేదన్నాను. పక్క బల్లల వాళ్లు నవ్వారు.

జూన్ 9, ఆదివారం

తమ్ముడి భార్య పద్మ బీరకాయలు తరగడానికి పాత పేపర్ పరిచింది. నేను ఎదురుగా కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తున్నాను. ఒక మూల చిన్న ప్రకటన. యాభై దాటినవారికి — తోడు కోసం — ఒంటరిగా ఉన్నవారు, భార్యో భర్తో పోయినవారు, పెళ్లి కానివారు. కింద వెబ్‌సైటు పేరు.

తలకిందులుగా చదివాను. ఒక్కసారే.

పద్మ దాని మీద చెక్కు తీసింది. చుట్టి చెత్తలో వేసింది. పేరు మాత్రం పోలేదు.

జూన్ 10

పేరు ఇంకా ఉంది. జపంలో కూడా మధ్యలో వస్తోంది.

స్వామీ...

జూన్ 11

నా ఫోన్ నాది కాదు. పొద్దున పద్మ పాటలు పెట్టుకుంటుంది. రాత్రి తమ్ముడు శీను కరెంటు బిల్లు కడతాడు, వాడి ఫోన్‌లో చార్జింగ్ ఉండదు. ఎక్కడ పెడితే అక్కడ ఉంటుంది. తాళం పెట్టుకుంటే అడుగుతారు — ఏముందని వదినా అంటుంది పద్మ. నవ్వుతూనే అంటుంది. ఏమీ లేదు, నిజమే. ఇన్నేళ్లు ఏమీ లేదు.

జూన్ 13, గురువారం

మధ్యాహ్నం గాలిదుమారం. కరెంటు పోయింది. ఒక పని చేశాను. రాయలేను.

జూన్ 14

రాస్తాను. స్వామికి ఎలాగూ తెలుసు, కాగితం దగ్గర దాచడం దేనికి.

కరెంటు పోతే మా ఆఫీసులో ఇన్వర్టర్ మీద నడిచేవి వైఫై, బిల్లింగ్ కంప్యూటర్. అంతే. అందుకని ఎవరికి తొందర పని ఉంటే వాళ్లు సునీత కుర్చీలో కూర్చుంటారు. మొదటి నుంచీ అంతే. పాస్‌వర్డ్ అందరికీ తెలుసు. ఆ పిల్ల లేచి జాగా ఇస్తుంది.

నిన్న అందరూ వెనక గదిలో తింటున్నారు. నాది గురువారం ఒక్కపొద్దు. పెద్దాఫీసుకు మెయిల్ పంపాలి — నిజంగానే పంపాలి. కూర్చున్నాను. పంపాను. లేవలేదు.

వేళ్లు ఆ పేరు కొట్టాయి. వేళ్లు అని రాశాను. నేనే కొట్టాను.

ఎర్ర పేజీ.

అరచేయి నా ముఖం మీద పెట్టినట్టే ఉంది. కింద ఇంగ్లీషులో రెండు ముక్కలు — వివాహ సంబంధాలు, అనుమతి లేదు. గబుక్కున మూశాను. వెనక గదిలో యాదగిరి ఏదో జోక్ వేస్తున్నాడు. నా చెవులు కాలుతున్నాయి. ఈ వయసులో.

మూసిందే మంచిదైంది అనుకున్నాను. అడ్డుగోడ ఉంది, అది ఆపింది, నేను వెనక్కి వచ్చాను. అంతటితో అయిపోయింది.

జూన్ 16, ఆదివారం

ఏం కావాలని వెతికాను? అడుగుతున్నాను నన్నే.

బాపు పోయినప్పుడు శీను పదో తరగతి. ఇద్దరు చెల్లెళ్లు. మగ్గం ఆగకూడదని నేను కూర్చున్నాను. తర్వాత చేనేత సంఘంలో ఈ ఉద్యోగం వచ్చింది. పెద్ద చెల్లె పెళ్లి, చిన్న చెల్లె పెళ్లి, శీను పెళ్లి. నా పెళ్లి మాట ఎత్తాల్సినవాళ్లు లేరు. ఉన్నవాళ్లు నాకంటే చిన్నవాళ్లు, వాళ్లు ఎత్తలేరు. ఆడపిల్ల తన పెళ్లి మాట తానే ఎత్తదు. అలా జరిగిపోయింది. ఎవరి తప్పూ లేదు.

ఏమీ పెద్ద కోరిక కాదు. సాయంత్రం ఒకరు టీ తాగుతూ, ఈ రోజు ఎట్లా గడిచింది అని అడగడం. అక్కలా కాదు, వదినలా కాదు, పెద్దక్కలా కాదు. నన్ను.

రాసేసరికి సిగ్గేసింది. రెండు గీతలు పెట్టి కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

జూన్ 20, గురువారం

మెల్లగా రాస్తాను.

గోడ ఆపడమే కాదు, రాసుకుంటుందట. ఏ కంప్యూటర్ నుంచి ఏ సైటుకు పోబోయారో మొత్తం పెద్దాఫీసుకు వెళ్తుంది. నాకు తెలియదు. తెరిపించే పని నాకే ఇచ్చారు కానీ ఈ మాట ఎవరూ చెప్పలేదు.

సారు మీటింగ్ పెట్టి ఫోన్‌లో చూసి చదివారు. గోదాము కంప్యూటర్ — క్రికెట్. యాదగిరి కంప్యూటర్ — వీడియోలు. అందరూ నవ్వుతున్నారు. యాదగిరి లేచి వంగి దండం పెట్టాడు.

తర్వాత సారు ఆగారు. "బిల్లింగ్ కంప్యూటర్... గిదేంది. వయసు మీద వడ్డోళ్ల పెండ్లి సంబంధాలు."

నవ్వు ఒక్కసారి కాదు, అలలుగా వచ్చింది. అందరూ సునీత వైపు తిరిగారు.

"నేను గాదు సార్." లేచి నిలబడింది. "నాకు తెల్వనే తెల్వదు."

"నీ కంప్యూటరే గద."

"కరెంటు వోతే అందరు గూసుంటరు గద సార్."

యాదగిరి అందుకున్నాడు — "అందరికి పెండ్లాలున్నరు తల్లీ. ఇంకొకల్ల కోసం ఎతికే ధైర్యం ఎవ్వనికున్నది?"

మళ్లీ నవ్వు.

ఆ గదిలో అసలు పెళ్లి కానిదాన్ని నేనొక్కదాన్నే. యాభై దాటినదాన్ని నేనే. ఒక్కరి చూపూ నా మీద పడలేదు. పడుతుందని తల వంచుకుని కూర్చున్నాను. పడలేదు.

ఏమీ అనలేదు నేను. నోట్లో నాలుక ఉంది. కదల్లేదు.

జూన్ 21

దీపం పెట్టాను. కూర్చోలేక లేచాను.

జూన్ 22, శనివారం

ప్రతి శనివారం లాగే పులిహోర చేసి తీసుకెళ్లాను. స్వామి ప్రసాదమని అందరికీ పెడతాను. చెయ్యి చాపి కళ్లకద్దుకుంటారు. ఈ రోజు ఒక్కొక్కరు అద్దుకుంటుంటే చూడలేకపోయాను.

యాదగిరి నోటికి తాళం లేదు. "సునీతా, మాకు ఒక మాట చెప్పకపోతివి. మక్తల్ దిక్కు మా దోస్తు ఒకడున్నడు, భూమి గూడ ఉన్నది. జర పండ్లు లెవ్వు గంతే."

సునీత ప్రసాదం తీసుకుని తన బల్ల దగ్గరికి వెళ్లిపోయింది. మాతో కలిసి తినడం మానేసింది. నిన్న కూడా అక్కడే తిన్నది, కంప్యూటర్ వైపు తిరిగి.

జూన్ 24, సోమవారం

నీళ్ల కుండ దగ్గర సునీత నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, మీరు చెప్తే సారు ఇంటడు. నేను అసొంటిదాన్ని గాదని జర చెప్పున్రి."

అసొంటిదాన్ని.

"వచ్చే నెల నా కాంట్రాక్టు ఆర్డరు రావాలె. సారు పేరు రాయకపోతే అయిపాయె. బిడ్డను ఇప్పుడే బళ్లె ఏసిన. మా అమ్మ ప్రార్థనకు వోతే ఆడ గూడ అడిగిన్రంట, నీ బిడ్డ మల్ల పెండ్లి జేసుకుంటదా అని. ఎవ్వలు చెప్పిన్రో ఏమో."

"చెప్త" అన్నాను.

"నాకు మీరు తప్ప ఎవ్వలున్నరక్కా ఈడ."

"చెప్త తల్లీ."

ఆ చెయ్యి వేడిగా ఉంది. నా చెయ్యే చల్లబడింది.

జూన్ 25

చెప్పలేదు. సారు బిజీగా ఉన్నారు. అది సాకు. సారు ఖాళీగానే కూర్చుని టీ తాగారు.

జూన్ 26

చెప్పలేదు.

జూన్ 27, గురువారం

ఒక్కపొద్దు. ఆకలి తెలియడం లేదు. దేవుడి ముందు కూర్చుని లెక్క సరిచేయాలని చూస్తున్నాను — ఆ పిల్లను కాపాడమని అడుగుతున్నాను. ఎవరి నుంచి? నా నుంచి. ఈ ప్రార్థన వినడానికి స్వామికి కూడా సిగ్గుగా ఉంటుంది.

ఒక ఆలోచన వస్తూనే ఉంది. సునీత సైటు చూసిందనే అనుకోనీ, తప్పేముంది? చిన్న వయసు. తోడు వెతుక్కోకూడదా? అలా సారుకు చెప్పి ఆర్డరు ఇప్పించవచ్చు కదా. మంచిగా మాట్లాడినట్టు ఉంటుంది. నేను బయటపడనక్కర్లేదు.

ఎంత చక్కగా కుదిరింది. అంత చక్కగా కుదిరినందుకే భయమేసింది.

జూన్ 28

సారు పిలిచారు. కాంట్రాక్టు వాళ్ల పేర్లు పెద్దాఫీసుకు పంపాలి, టైపు చేయమన్నారు. ఒక్కో పేరు చెబుతున్నారు. సునీత పేరు రాలేదు.

"సునీత, సార్?"

"ఆ పిల్ల వద్దు పెద్దక్కా. పని మంచిదే. గని ఆడపిల్లలు కొనుగోలుకొస్తరు, పెద్ద పెద్ద ఇండ్లోల్లొస్తరు. పేరు ఖరాబైనంక కౌంటర్ల కూసుంటె మంచిగుండదు. మీకు తెల్వనిదేమున్నది."

నా వేళ్లు కీబోర్డు మీదే ఉన్నాయి. అవే వేళ్లు.

"మిగిలింది సోమవారం చేస్తా సార్" అన్నాను. లేచి వచ్చాను.

జూన్ 30, ఆదివారం

మన్యంకొండ వెళ్లి వచ్చాను. ఒక్కదాన్నే. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఎర్ర చెలకలు, అప్పుడే మొలిచిన జొన్న. మెట్ల మీద ఆగి ఆగి ఎక్కాను.

ఏమీ అడగలేదు ఈసారి. నిలబడి వచ్చాను.

రేపు సారుకు చెప్తాను.

జూలై 1, సోమవారం

చెప్పాను. చెప్పాననే రాస్తున్నాను, కానీ జరిగింది వేరు.

పొద్దున్నే సారు గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేశాను. నిలబడే చెప్పాను. "సార్, ఆ రోజు సునీత కంప్యూటర్‌ల ఆ సైటు కొట్టింది నేను."

సారు చూశారు. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"పెద్దక్కా. మీరు దేవత."

"కాదు సార్, నిజం—"

"ఆ పిల్ల బతుకు పోవద్దని నింద మీదేసుకుంటుండ్రు. ఈ కాలంల ఎవ్వలు జేస్తరు? నా సొంత అక్క చెయ్యది."

"సార్, నేనే. గురువారం మధ్యాహ్నం. కరెంటు—"

"చాలమ్మా. ఇంక మీరు అబద్ధమాడి పాపం మూటగట్టుకోవద్దు. మీ మొఖం జూసి ఆ పిల్లను ఉంచుతున్న. పేరు రాయున్రి పో."

చేతులు జోడించారు. నాకు.

ఇంకా చెప్పాలి. ఎందుకు వెతికానో చెప్తే నమ్మేవారేమో. యాభై ఆరేళ్లదాన్ని, నాకు తోడు కావాలనిపించింది సార్ — ఆ మాట ఒక్కటి చాలు. నోటి దాకా వచ్చింది. అక్కడ ఆగింది.

బయటికి వచ్చి సునీత పేరు టైపు చేశాను.

జూలై 2

సారు అందరికీ చెప్పేశారు. యాదగిరి నా బల్ల దగ్గరికి వచ్చి, జోక్ లేకుండా నిలబడ్డాడు. "మీ అసొంటోల్లు ఉండవట్టే వానలు వడుతున్నయ్ పెద్దక్కా."

నిజంగానే వాన పడుతోంది బయట.

గోదాము నుంచి హమాలీ కూడా వచ్చి దండం పెట్టి వెళ్లాడు. తప్పు చేసినదానికి ఇంత మర్యాద ఎక్కడైనా ఉంటుందా. ఒప్పుకున్న కొద్దీ పెరుగుతోంది.

సునీత ఈ రోజు రాలేదు. బిడ్డకు జ్వరమట.

జూలై 3

సాయంత్రం బస్టాండు దాకా సునీత నా వెంట నడిచింది. వాన వెలిసింది, రోడ్డు మీద నీళ్లు. ఉన్నట్టుండి వంగి నా కాళ్లు తాకింది. అందరూ చూస్తుండగా.

"నా కోసం సారు కాడ అబద్ధం ఆడిన్రంట అక్కా. ఎవ్వలు జేస్తరు గంత."

"అబద్ధం కాదు" అన్నాను.

వినలేదు. "మా అమ్మ మీ పేరు మీద ప్రార్థన చేపిస్త అన్నది—"

"సునీతా. అబద్ధం కాదు. నేనే."

నా ముఖం చూసింది. అప్పుడు తెలిసింది దానికి. చెప్పక్కర్లేకపోయింది, ఎవరి కోసం అని అడగనూ లేదు. ఆడపిల్ల కదా, తెలిసిపోయింది.

పక్కనుంచి షాద్‌నగర్ బస్సు పోయింది. మేమిద్దరం నిలబడే ఉన్నాం.

"అయితే ఆ దినం మీటింగ్‌ల మీరు ఉన్నరు" అంది.

"ఉన్నా."

"నేను మీ చెయ్యి వట్టుకొని అడిగినప్పుడు..."

"అప్పుడూ."

సంచి భుజానికి సర్దుకుని అంది. కోపంగా కాదు. కోపంగా అంటే బాగుండేది.

"నేనే చేసిన అని మీరు చెప్తే ఒక్కలు నమ్మలే. నేను చెయ్యలే అని మొత్తుకుంటే గూడ అందరు నమ్మిన్రు, చేసిన అని."

సునీత బస్సు వచ్చే వైపు తిరిగింది.

"ఆర్డరు వస్తది. మీ మొఖం జూసి ఇచ్చిన్రు. ఇగ నేను రోజు గా కుర్చీల కూసోవాలె, మాఫీ చేసిన్రు అనుకుంట. నేను ఏం చేసిన అని మాఫీ?"

"అందరి ముందు చెప్త" అన్నాను.

"పోయినసారి గూడ చెప్త అన్నరు."

బస్సు వచ్చింది. ఎక్కి వెళ్లిపోయింది. వెనక్కి చూడలేదు.

జూలై 4, గురువారం

ఒక్కపొద్దు లేదు ఈ రోజు. తిన్నాను. పద్మ ఆశ్చర్యపోయింది. "ఏమైంది వదినా, పాణం మంచిగ లేదా?" ఉపవాసం ఉంటే మంచిదాన్నైనట్టు అనిపిస్తుంది. ఆ అనిపించడం వద్దు కొన్నాళ్లు.

జూలై 6, శనివారం

పులిహోర చేయలేదు. ఖాళీ చేతులతో వెళ్తే అందరూ అడిగారు. ఏం చెప్పినా నమ్ముతారు నన్ను. తలనొప్పి అన్నాను. నమ్మారు.

జూలై 7, ఆదివారం

ఆఫీసులో చెప్తే సాయంత్రానికి ఇంటికి చేరుతుంది. యాదగిరిది మా గల్లీయే. పద్మ అన్నదమ్ములకు తెలుస్తుంది. ఇద్దరు చెల్లెళ్లకు తెలుస్తుంది. చిన్న చెల్లె వియ్యంకులకు కూడా.

ఇంట్లో ముందే చెబుదామని మధ్యాహ్నం శీను దగ్గర కూర్చున్నాను. వాడు ఫ్యాను తుడుస్తున్నాడు, స్టూల్ ఎక్కి.

"శీనూ."

"ఆ, అక్కా. ఆ గుడ్డ అందియ్యి."

అందించాను.

"చెప్పక్కా."

"ఏం లేదు. పడతవ్, జాగ్రత్త."

యాభై ఆరేళ్లకు కూడా నా పెళ్లి మాట ఎత్తాల్సింది నేనే. అదీ చిన్నవాడి ముందు. నోరు రాలేదు. ముందు ఆఫీసే.

జూలై 8, సోమవారం

టీ టైముకు అందరూ వెనక గదిలో ఉన్నారు. సారును కూడా రమ్మన్నాను. సునీత రాలేదు, బిల్లింగ్ బల్ల దగ్గరే ఉంది. తలుపు తెరిచే ఉంది, వినిపిస్తుంది.

మాటలు ముందే కూర్చుకున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు.

"సారుకు చెప్పింది అబద్ధం కాదు. ఆ దినం సునీత కుర్చీల కూసున్నది నేను. ఆ సైటు కొట్టింది నేను. ఆ పిల్లకు ఏం తెల్వదు."

సారు ఏదో అనబోయారు — పెద్దక్కా, మళ్లా ఎందుకు... అని.

యాదగిరి నవ్వు మొదలుపెట్టి, నన్ను చూసి ఆపాడు. దారి కూడా చూపించాడు, పాపం, మంచికే. "మీ చెల్లె బిడ్డ సంబంధాల కోసం జూసినట్టున్నరు. వయసు పిల్లల సైటుకు బదులు ఇంకోదాంట్లకు వోయిన్రు. గంతే గద అక్కా?"

అందరి ముఖాలూ తేలికపడ్డాయి. అవును అంటే అయిపోతుంది. సునీత పేరు మీది మచ్చ పోతుంది, నా పేరుకూ ఏమీ కాదు. ఎవరికీ నష్టం లేని అబద్ధం. తల ఊపితే చాలు. మెడ కొంచెం కదిలింది కూడా. నిజం రాయాలి — కదిలింది.

బిల్లింగ్ బల్ల దగ్గర కీబోర్డు చప్పుడు ఆగింది.

"కాదు యాదగిరీ. నా కోసమే."

నా గొంతే. ఎవరిదో అనిపించింది.

"నాకే తోడు దొరుకుతదేమోనని చూసిన."

ఎవరూ నవ్వలేదు. టీ గ్లాసులు పట్టుకుని అందరూ కింద చూస్తున్నారు. సునీతను చూసి ఎంత నవ్వారు. నాకు ఒక్కరు నవ్వినా బాగుండేది — అప్పుడు ఇద్దరం సమానమయ్యేవాళ్లం.

సారు గ్లాసు కిటికీలో పెట్టి వెళ్లిపోయారు. తర్వాత ఒక్కొక్కరు. యాదగిరి గుమ్మం దగ్గర ఆగి, సునీత బల్ల వైపు వెళ్లాడు. "సునీతా, జర తప్పయింది నాతోని" అన్నాడు. వినిపించింది. ఆమె జవాబు వినిపించలేదు. బిల్లు ప్రింట్ అయిన చప్పుడు.

ఆ తర్వాత సునీత నా దగ్గరికి రాలేదు. కృతజ్ఞత చెప్పలేదు. చెప్పకూడదు కూడా. సాయంత్రం వెళ్తూ నా బల్ల మీద గోదాము తాళంచెవులు పెట్టింది, రోజూ పెట్టినట్టే. "రేపు నారాయణపేట మూటలు పొద్దుగాలనే దిగుతయట" అంది. అక్కా అనలేదు. మేడం అని కూడా అనలేదు.

జూలై 9

ఆఫీసులో నాతో గట్టిగా ఎవరూ మాట్లాడలేదు. ఒక్కరూ ఏ సైటూ తెరిపించమని అడగలేదు. సారు ఆ పని యాదగిరికి ఇచ్చారు. మంచిదే.

ఇంటికి వచ్చేసరికి పద్మ అన్నం వండేసింది. నేను వచ్చాక కదా వండేది. నా ఫోన్ నా మంచం మీద ఉంది, చార్జింగ్ పెట్టి. పాటలు లేవు.

శీను హాల్లో కూర్చున్నాడు. టీవీ పెట్టలేదు.

తిన్నాం. నా కంచంలో పెరుగు పద్మే వేసింది. చెయ్యి కడుక్కుంటుంటే శీను వెనక నిలబడ్డాడు. చిన్నప్పుడు దెబ్బ తగిలించుకుని వచ్చి నిలబడేవాడు అలా.

"నీకేం తక్కువ చేసినం అక్కా?"

నేను కుళాయి కట్టేశాను. తువ్వాలు ఇచ్చాడు. తీసుకున్నాను. వాడు వెళ్లి పడుకున్నాడు. పద్మ గిన్నెలు సర్దుతూనే ఉంది.

ఏమీ తక్కువ చేయలేదు. అది పొద్దున లేవగానే వాడికి చెప్పాలి. పూజ కంటే ముందు.

ఆ తర్వాత ఇంకొక మాట చెప్పాలి, అయినా నాకు తోడు కావాలని. అది ఎట్లా మొదలుపెట్టాలో...